మునగని మనిషి, లేచే పండగ

ఈస్టరుకు ముందు శనివారం కదిరి బజారులో సున్నం కొనేవాళ్లలో ఎక్కువమంది మా సంఘం వాళ్లే. ఎండ కాస్త తగ్గాక అందరం బకెట్లు, కుంచెలు, నీలిమందు పొట్లాలు పట్టుకుని ఊరి చివర సమాధుల తోటకు చేరేవాళ్లం. తోట అని పేరే గానీ అందులో సీమజాలి ముళ్లు తప్ప మరో మొక్క బతికేది కాదు. ముందు ఆ ముళ్లు నరకాలి, తర్వాత ఏడాది దుమ్ము ఊడ్వాలి, ఆ తర్వాతే సున్నం. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపితే తెలుపు కంటికి కొడుతుంది. మగవాళ్లు నల్లరంగుతో పేర్లు దిద్దుతారు. మీ సున్నం మా సమాధి మీద చిందిందని తగాదా పడేవాళ్లూ ఉంటారు. బతికున్నప్పుడు మాటల్లేని అన్నదమ్ములు పక్కపక్కన పడుకుని ఉంటే, వాళ్ల పెళ్లాలు ఆ తగాదాను పైనుంచి నడిపిస్తుంటారు. చిన్నప్పుడు ఆ సాయంత్రమంటే నాకు ఎంతో ఇష్టం.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే తెల్లబట్టలు కట్టుకుని మళ్లీ అక్కడికే పోతాం. ప్రతి సమాధి మీదా కొవ్వొత్తి, కదిరి మల్లెపూలు. పాస్టరుగారు ప్రభువు లేచాడని కేక వేస్తే, అందరం నిజంగా లేచాడని బదులు కేక వేస్తాం. ఆ కేకకు పక్క చేలలో కుక్కలు మేలుకునేవి. తర్వాత ఉడికించిన గుడ్డు, బన్ను పంచుతారు. గుడ్డు ఎందుకో సండేస్కూలు అక్క చెప్పేది: పెంకు పగిలి పిల్ల బయటికి వచ్చినట్టు ప్రభువు సమాధిలోంచి వచ్చాడని. ఉడికిన గుడ్డులోంచి పిల్ల ఎలా వస్తుందని అడిగి ఆమె చేత మొట్టికాయ తిన్నాను. ఇలాంటివి అడిగే బుద్ధి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, అది ఎక్కడా నాకు మేలు చేయలేదు.

తొంభైల చివరి నుంచి మాత్రం ఆ కేక వేసే వేళకు నేను తోటలో లేను. శనివారం అమ్మానాయనల సమాధులకు సున్నం వేసి, మిగిలింది డబ్బాలో పోసి మూత బిగించి ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఆదివారం పొద్దున మా వాళ్లంతా సమాధుల తోట వైపు నడుస్తుంటే నేను ఎదురు దిక్కున బస్టాండుకు నడిచేదాన్ని. చేతిలో సున్నం డబ్బా, కుంచె, సంచిలో పూలు, కొవ్వొత్తి. మొదటి ఏడాది ఎదురొచ్చినవాళ్లు ఎక్కడికని అడిగారు. తర్వాత ఎవరూ అడగలేదు. తెలుసు కాబట్టి అడగలేదు. తెలిసి అడగకపోవడం మర్యాదేమో గానీ, పండగ పూట ఒక్కరైనా పలకరిస్తే బాగుండునని నాకు ఉండేది.

మా ఆయన సమాధి మా తోటలో లేదు. బత్తలపల్లె ఇవతల ఒక పల్లెలో, ఒక రైతు వేరుశెనగ చేని గట్టున ఉంది. ఆ పల్లె బడిలో ఆయన ఉపాధ్యాయుడు. పల్లె జనం అయివారు అనేవాళ్లు, నన్ను అయివారమ్మ అనేవాళ్లు. ఆయన పుట్టింది మడకశిర పక్కన, గొర్రెలు కాసే ఇంట్లో. మాటలో సగం కన్నడం. జీతం రాగానే "దుడ్లు వచ్చినాయి, దుడ్లు వచ్చినాయి" అని చిన్నపిల్లాడిలా ఇంట్లోకి వచ్చేవాడు. నన్ను పెళ్లి చేసుకున్నందుకు ఆయన వాళ్లు ఆయన్ని ఇంటి నుంచి తీసేశారు. మా వాళ్లు అంత పని చేయలేదు, ఒక్కటే షరతు పెట్టారు. ఆయన బాప్తిస్మం తీసుకోవాలి.

మా సంఘంలో నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే సరిపోదు. మనిషి నిలువునా మునగాలి, మునిగి లేవాలి. పాత మనిషి చచ్చి కొత్త మనిషి లేచినట్టు దానికి అర్థం. ఆ అర్థమంతా బాగానే ఉంది, మునగడానికి నీళ్లేవి? నా చిన్నతనంలో చెరువులో ఇచ్చేవారట. నాకు ఊహ తెలిసేసరికి చెరువులో గొర్రెలు మేస్తున్నాయి. నన్ను బోరు పక్కన సిమెంటు తొట్టిలో ముంచారు. బత్తలపల్లె దారిలో మా సంఘస్థుడు ఒకాయనకు బోరు ఉండేది, ఆ తొట్టే మా యొర్దాను నది. ఏడాదికి ఒకసారి, ఈస్టరు ముందు వారంలో, కొత్తవాళ్లను అక్కడికి తీసుకుపోయేవాళ్లు.

మా ఆయన ప్రతి ఏడూ వచ్చి గట్టు మీద కూర్చుని చూసేవాడు. చూసి నవ్వేవాడు. "ముంచుతామంటాండారు సరే, ముందు నీళ్లు చూపించమను మీ పాస్టర్ని. నన్ను ముంచితే ఆ తొట్లో నీళ్లన్నీ నాకే సరిపోతాయి, ఎనకొచ్చినోళ్లు ఏం గావల్ల?" అనేవాడు. మనిషి ఆరడుగుల పొడుగు. నాకు ఒళ్లు మండేది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే గడిపాడు.

అట్లని దేవుడంటే లెక్కలేనివాడు కాదు. ఈస్టరు ముందు శ్రమల దినాలు నలభై రోజులూ నాతోపాటు ఒంటిపూట తినేవాడు, అదీ నాకంటే నిక్కచ్చిగా. ఆ రోజుల్లో నేను పూలు పెట్టుకోనని తనూ బజారు నుంచి పూలు తెచ్చేవాడు కాదు. పండగకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం ఊరేగింపుకు ఈత మట్టలు కావాలంటే మా సంఘమంతా ఆయన మీదే ఆధారపడేది. కరువుకు ఈతచెట్లు ఎండిపోయి, ఉన్నవి పొరక చీపుర్లు కట్టేవాళ్లు కోసుకుపోతే, ఎక్కడో వంకలో మిగిలిన చెట్టును వెతికి సైకిలు వెనక కట్టుకొచ్చేవాడు. ఈత ఆకుతో చిన్న చిన్న సిలువలు మడిచి పిల్లలకు ఇచ్చేవాడు. గొర్రెల వెంట తిరిగినవాడు కదా, చేతులు ఊరికే ఉండేవి కావు. మా పిల్లలందరి బైబిళ్లలో ఆయన మడిచిన సిలువలే ఉండేవి. మాకు మాత్రం పిల్లలు లేరు.

మంచి శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలూ చివరి బల్ల మీద కదలకుండా కూర్చునేవాడు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగాలు చేస్తారు మాలో. కొందరికి ఒకసారి నోరు విప్పితే మూయడం తెలియదు. మావాళ్లే కునికిపాట్లు పడుతుంటే ఈయన మాత్రం వింటూ ఉండేవాడు. నెలకోసారి ఆదివారం ప్రభు భోజనం బల్ల దగ్గరికి మేమంతా లేచి పోయినప్పుడు, బాప్తిస్మం లేనివాడు కాబట్టి, చివరి బల్ల మీద ఆయన ఒక్కడే మిగిలిపోయేవాడు. నేను రొట్టె తీసుకుని తిరిగొచ్చి పక్కన కూర్చునేదాన్ని. ఆ కాసేపు ఇద్దరం ఒకరి మొగం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

ఆయన పోయిన ఏడాది, శ్రమల దినాల మొదట్లో ఒక ఆదివారం, అలా తిరిగొచ్చి కూర్చున్నప్పుడు నెమ్మదిగా అన్నాడు. "ఒక్కన్నే కూసోని కూసోని యాష్టకొచ్చిందే. ఈ ఈస్టరుకు మునుగుతాలే." నాకు గుడిలోనే ఏడుపు వచ్చింది. పాస్టరుగారికి చెప్పాం. ఆయనా సంతోషించి మట్టల ఆదివారం ముందు రోజు తొట్టి దగ్గరికి రమ్మన్నారు.

ఆ వారమే ఆ బోరు ఎండింది. ముందు నీళ్లు ఆగి ఆగి వచ్చాయి, తర్వాత బురద, ఆఖరికి గాలి. పాస్టరుగారు ట్యాంకరు నీళ్లు ఎవరినైనా అడిగి ఈస్టరు పొద్దున పెట్టుకుందామన్నారు. మా ఆయన పడీపడీ నవ్వాడు. "సూస్తివా, నేను ఒప్పుకునే తలికి నీళ్లు ఒప్పుకోల్యా" అన్నాడు. తర్వాతి వారంలో ఒక పొద్దున బడిలో నల్లబల్ల మీద లెక్క రాస్తూ రాస్తూ కుర్చీలో కూలబడ్డాడు. పిల్లలు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. నేను పోయేసరికి ఆయన చేతిలో సుద్దముక్క అలాగే ఉంది.

సమాధుల తోటలో చోటు అడిగితే పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. బాప్తిస్మం లేనివాళ్లకు అక్కడ చోటివ్వకూడదని మా సంఘం నియమం. పాస్టరుగారు మంచివారే, నా ముందు తల దించుకునే ఆ మాట చెప్పారు. మడకశిరకు కబురు పంపితే ఎవరూ రాలేదు. పల్లెలో ఏ కులానికి ఆ కులం శ్మశానం ఉంది, ఆయనకు ఎందులోనూ చోటు లేదు. మర్నాడు పొద్దు ఎక్కుతోంది. అప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లల తండ్రి, ఒక రైతు, ముందుకొచ్చి "మా చేని గట్టున పెట్టండప్పా. అయివారికి ఆ మాత్రం చోటు ల్యాకపోతే ఎట్ల" అన్నాడు. పల్లె జనం వాళ్ల పద్ధతిలో టెంకాయ కొట్టి పూడ్చారు. పాస్టరుగారు వచ్చి నిలబడి చిన్న ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో నా పేరు వచ్చింది, నాకు ఓదార్పు ఇమ్మని. మా ఆయన పేరు రాలేదు.

అది నేను మరిచిపోలేదు. మరిచిపోవాలని కూడా అనుకోలేదు. ఆ తర్వాత ఒకసారి పాస్టరుగారిని సూటిగానే అడిగాను: చివరి రోజున మా ఆయన లేస్తాడా, లేవడా? "అది దేవుని చేతిలో ఉందమ్మా" అన్నారు. మా అమ్మ విషయంలో, నాయన విషయంలో అది దేవుని చేతిలో ఉందని ఆయన అనలేదు. లేస్తారనే అన్నారు, వాళ్ల సమాధుల దగ్గర నిలబడి గొంతెత్తి మరీ చెప్పారు. ఈస్టరు అంటే మిగతావాళ్లకు పండగ. నాకు ఏడాదికోసారి వచ్చే ఆ ప్రశ్న. మునగని మనిషికి ఈ పండగలో చోటుందా?

ఆయన ఉద్యోగంలో ఉండగా పోయినందుకు నాకు కదిరిలో చిన్న గుమాస్తా పని ఇచ్చారు. పల్లె వదిలి ఒక గది అద్దెకు తీసుకున్నాను. తర్వాతి ఈస్టరుకు మొదటిసారి సున్నం డబ్బాతో బస్సెక్కాను. తెల్లవారుజామునే సమాధి దగ్గర ఉండాలని నా ఆశ, బైబిల్లో ఆ ఆడవాళ్లు ప్రభువు సమాధికి పోయినట్టు. ఆ ఆడవాళ్లు బస్సు కోసం ఎదురుచూడలేదు. నేను రోడ్డు మీద దిగి, బండిబాట పట్టి చేను చేరేసరికి పొద్దు బాగా పైకొచ్చి కళ్లలో కొడుతోంది. ఎండిన చేను, ఒక మట్టిదిబ్బ, చుట్టూ పేర్చిన రాళ్లు. రాళ్లకు సున్నం వేశాను. కొవ్వొత్తి వెలిగిస్తే గాలికి ఆరిపోయింది. లేచాడని కేక వేయాలని నోరు తెరిచాను. బదులు చెప్పేవాళ్లు లేని చోట ఆ కేక ఎట్లా వేయాలి?

అంతలో రైతు తల్లి మేకపిల్లను తోలుకుంటూ అటు వచ్చింది. ముసలామె, చెవులు సరిగా వినిపించవు, కాబట్టి ఎదుటివాళ్లకూ వినిపించవన్నట్టు అరుస్తుంది. "ఏం పండగ అయివారమ్మా?" అంది. మా దేవుడు చనిపోయి లేచిన పండగ అవ్వా, అన్నాను. మావాళ్లంతా ఈ పొద్దు సమాధులకు సున్నం వేసి దీపాలు పెడతారనీ, ఒకనాటికి పోయినవాళ్లు కూడా అలాగే లేస్తారని మా నమ్మకమనీ చెప్పాను. ఆమె తల ఊపింది. నాకు తెలిసి, సగమే విన్నది.

మరుసటి ఏడు నేను చేరేసరికి ఆమె అప్పటికే గట్టు మీద కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి చేయి అడ్డంగా ఊపింది. "కోడి కూసినప్పన్నించీ చూస్తాండా. లేయల్యా" అంది.

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరైనా వేళాకోళం చేస్తున్నారేమోనని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఆమె మొగంలో వేళాకోళం లేదు. అయివారు లేస్తే ఒంటరిగా ఉంటాడు కదా, అయివారమ్మ బస్సు దిగేదాకా ఎవరైనా తోడుండాలని వచ్చి కూర్చుందట. చెంబుతో నీళ్లు కూడా తెచ్చి పక్కన పెట్టుకుంది. లేచినవాడికి దప్పిక అవుతుందని.

నేను కూలబడి ఏడ్చాను. ఆపైన నవ్వాను. ఆ నీళ్లు నేనే తాగాను. ప్రతి ఏడూ కాదవ్వా, ఎప్పుడో చివరిలో ఒకసారే లేస్తారని గట్టిగా అరిచి చెప్పాను. "ఎప్పుడో తెల్దా?" అంది. తెలియదన్నాను. "అయితే ప్రతి ఏడూ రావల్సిందే" అని తీర్పు చెప్పి, మేకను తోలుకుని వెళ్లిపోయింది. తర్వాత ప్రతి ఈస్టరుకూ ఆమె నాకంటే ముందే అక్కడ ఉండేది. నన్ను చూడగానే చేయి అడ్డంగా ఊపేది. మా సంఘంలో అంతమంది ఉన్నారు. ఆయన లేస్తాడని ఎదురుచూసిన మనిషి మాత్రం ఆమె ఒక్కతే.

మధ్యాహ్నానికి కదిరి తిరిగొచ్చేదాన్ని. గుడిలో విందు అయిపోయి విస్తర్లు ఎత్తేస్తుండేవాళ్లు. ఎవరో ఒకరు నా కోసం దాచిన గుడ్డు, బన్ను కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లు. వాళ్లను తప్పు పట్టను. గదికొచ్చి గుడ్డు వలుచుకుని తినేదాన్ని. పక్క వాటాల్లో అది మామూలు ఆదివారం, బట్టలు ఉతుకుతుండేవాళ్లు. ఒక్క మనిషికి పండగ వంట చేయబుద్ధి కాదు. చేసినా వడ్డించుకోబుద్ధి కాదు. సాయంత్రం దాకా తెల్లచీర మార్చకుండా మంచం మీద కూర్చునేదాన్ని, ఎవరైనా వస్తారేమోనని. ఆ ఎదురుచూపుకు నాకే సిగ్గుగా ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటాక వానలు అసలే లేకుండా పోయాయి. వేరుశెనగ విత్తనం మట్టిలోనే మాడిపోయేది. ఒక ఏడాది మట్టల ఆదివారానికి ముందు ఆ రైతు కదిరి వచ్చి నా గది తలుపు కొట్టాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తువ్వాలు రెండు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట అడగల్ల. కోప్పడొద్దు" అన్నాడు. "బోరు ఏపిస్తామని నీళ్లు చూసేటాయన్ని పిలిపించినా. చేయి మింద టెంకాయ పెట్టుకోని చేనంతా తిరిగినాడు. యాడా కదలల్యా. అయివారి కాడికి వచ్చేతలికి టెంకాయ నిట్టనిలువున లేసి నిలబడింది. ఆయప్ప కాళ్ల కాడనే నీళ్లు ఉండాయంటాండాడు."

"కాళ్ల కాడంటే ఎంత దూరమప్పా?"

"మూరెడు కూడా లేదక్కా. గోరీకి ఏమీ కాకుండా ఏపిస్తా. నువ్వొద్దంటే ఇడ్సిపెడ్తా. ఈ బోరు పడకపోతే మేము బెంగుళూరు పోవాల్సిందే, ఇంక ఈడ ఏమీ ల్యా."

నేను వెంటనే సరే అన్నాను. ఎంత వెంటనే అన్నానంటే అతను తెల్లబోయి చూశాడు. నా చేయి పట్టుకుని కళ్లకు అద్దుకోబోయాడు. నాది పెద్ద మనసని ఊరంతా చెప్పాడని తర్వాత తెలిసింది. నా మనసు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, ఆ క్షణంలో అది రైతు గురించి ఆలోచించనే లేదు. ఆయన కాళ్ల దగ్గర నీళ్లు పైకొస్తాయి. చుట్టూ మట్టి తడుస్తుంది. తడి లోపలికి దిగుతుంది. కాలవ పారుతుంది, చేనంతా తడిసినప్పుడల్లా ఆ దిబ్బా తడుస్తుంది. ఆరడుగుల మనిషి నిలువునా నీళ్లలో ఉంటాడు. ఇంకేం కావాలి మా పెద్దలకు? ఈ ఆలోచన పాస్టరుగారికి చెబితే నాకు మతి చెడిందని ప్రార్థన పెట్టించేవారు. చెప్పలేదు. ఆ వారమంతా దాన్నే మనసులో పెట్టుకుని తిరిగాను. ఎన్నో ఏళ్ల తర్వాత మట్టల ఆదివారం ఊరేగింపులో నడిచాను. ఎక్కడో దొరికిన కొబ్బరి మట్టలు పట్టుకున్నాం. గొంతెత్తి పాడాను కూడా. పక్కనున్నావిడ నన్ను వింతగా చూసింది.

బోరు లారీ దొరికింది శుక్రవారానికి. మంచి శుక్రవారం మధ్యాహ్నం నేను గుడిలో కూర్చున్నాను, నా మనసు చేని గట్టున ఉంది. మొదటి మాట, రెండో మాట, ఒక్కొక్కరూ లేచి చెప్పి కూర్చుంటున్నారు. ఐదో మాట దప్పిక మాట, సిలువ మీద ప్రభువు దాహమని అన్న మాట. ఆ మాట చెప్పడానికి లేచినాయన తన ఇంట్లో కుళాయి రాని సంగతి నుంచి మొదలుపెట్టాడు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఇప్పుడు ఎంత లోతుకు పోయి ఉంటుంది, తడిమట్టి వచ్చిందా, రాయి తగిలిందా, ఇదే ధ్యాస. దేవా, నువ్వు అడిగినప్పుడు నీకు నీళ్లివ్వలేదు సరే, ఆయనకు ఇవ్వు అని వేడుకున్నాను. అలాంటి ప్రార్థన నేను అంతకుముందు చేయలేదు, తర్వాతా చేయలేదు.

ఆదివారం బస్సు దిగి బండిబాట పట్టాను. నీళ్లు పడితే ఆ సంగతి దూరం నుంచే తెలుస్తుంది. దారిలో ఆడవాళ్లు బిందెలతో ఎదురొస్తారు, పిల్లలు బురదలో ఎగురుతుంటారు. నాకు ఎవరూ ఎదురు రాలేదు. చేను మలుపు తిరిగాను. చేని నడుమ నుంచి గట్టు దాకా తెల్లగా ఉంది. రాతిపొడి. భూమి అడుగున బండను పొడిచి పొడిచి, ఆ పొడిని పైకి ఊది పోయారు. గట్టు, ముళ్లకంప, సమాధి, చుట్టూ రాళ్లు, అన్నీ పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. నా చేతిలో సున్నం డబ్బా ఉంది. వేయడానికి చోటు లేదు.

ఆయన కాళ్ల దగ్గర ఇనుప గొట్టం జానెడు బయటికి ఉంది. పిల్లలు పడతారని దాని నోటికి ఒక రాయి కప్పారు. వంగి ఆ రాయి పక్కకు జరిపాను. ఒక గులకరాయి లోపలికి వదిలి చెవి ఒగ్గి విన్నాను. అది గొట్టానికి తగులుకుంటూ తగులుకుంటూ పోయింది. నీళ్ల చప్పుడు రాలేదు. రాయి మళ్లీ కప్పేశాను.

అవ్వ ఎప్పటిచోటే కూర్చుని ఉంది. ఆ రోజు చేయి ఊపలేదు. "నా కొడుకు మొగం చెల్లక తెల్లారకముందే బత్తలపల్లెకు పోయినాడు. రేపోమాపో అందరూ బెంగుళూరు పోతారు. నేను రానన్నా" అంది. నేను ఆమె పక్కన ఆ పొడిలోనే కూర్చున్నాను. తెల్లచీర ఏమవుతుందో పట్టించుకోలేదు. ఇంతకాలం ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. ఆమెకు వినిపించాలి కాబట్టి అరిచి చెప్పాను. మాలో మునిగినవాళ్లకే చోటనీ, ఆయన మునగలేదనీ, అందుకే ఇక్కడ ఒంటరిగా పడి ఉన్నాడనీ, ఈ నీళ్లు పడితే ఆయనా మునిగినట్టేనని ఆశపడ్డాననీ. ఆ మాటలు పక్క చేను దాకా వినిపించి ఉంటాయి. విననీ అనుకున్నాను.

ఆమె కాలి వేళ్ల మధ్య ఉన్న రాతిపొడి తుడుచుకుంటూ కూర్చుంది.

"మునగనోళ్లను మీ దేవుడు లేపడా?"

"నాకు తెలీదవ్వా. ఎవరూ చెప్పడం లేదు."

"నువ్వు మునిగినావా?"

"మునిగాను. చిన్నప్పుడే."

"అట్లయితే నిన్ను లేపుతాడు గదా."

"లేపుతాడు."

"నిన్ను యాడ పూడుస్తారు?"

"కదిరిలో. మా అమ్మానాయన పక్కన."

ఇంత చిన్న సంగతికా ఇంత ఏడుపు అన్నట్టు ఆమె నా వైపు తిరిగింది. "అయితే ఇంకేమమ్మా. మీ దేవుడు నిన్ను లేపుతానే నేరుగా ఈడికి రా. వచ్చి ఆయప్పను నువ్వు లేపు. భుజం పట్టుకోని ఊపు. పొద్దన్నే బడికి లేపల్యా నువ్వు? అట్లనే లేపు. ఆ పొద్దుకు నేనూ ఈన్నే యాడో పక్కన పడుకోనుంటా, నన్ను కూడా రోంత తట్టిపో" అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు రోడ్డు వైపు చూసింది. "ఆ పొద్దు బస్సులు ఉంటాయో ఉండవో. నడిసి రావల్సొస్తాదేమో, దారి చూసి పెట్టుకో."

తిరుగు బస్సులో ఎప్పుడూ కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. ఆ రోజు కిటికీ పక్కన సీటు అడిగి తీసుకున్నాను. బండిబాట రోడ్డుకు కలిసే చోట విరిగిన మైలురాయి ఉంది. దాటాక వంక అడ్డం వస్తుంది, కానీ అందులో నీళ్లుండవు, దిగి నడవొచ్చు. ముదిగుబ్బ దగ్గర రోడ్డు వదిలి గుట్ట పక్క నుంచి పోతే దగ్గరవుతుంది. కదిరి వచ్చేదాకా ఇట్లా ఒక్కొక్కటే చూసుకుంటూ, గుర్తు పెట్టుకుంటూ వచ్చాను.